అంజని కుదురు

కన్నతల్లి శవం ముందు కూర్చుని అంజని చిక్కుడుకాయలు ఒలిచిందట. ఆ మాట ఊళ్ళోకి వదిలింది పక్కింటి పెంచలమ్మ. పెంచలమ్మైనా కళ్ళారా చూసింది కాదు, మోకాళ్ళ నొప్పులతో ఆ రోజు మంచం దిగలేదు. చూసింది ఆమె ఆడబిడ్డ. ఆడబిడ్డ చెప్పింది పెంచలమ్మ విన్నది, పెంచలమ్మ పాలకేంద్రం దగ్గర నలుగురి చెవినా వేసింది. ఆ నలుగురిలో ఉన్న నాగమణి, ఒక్క ముక్క జారిపోకుండా తమ్ముడు మాల్యాద్రి ఇంటికి మోసుకొచ్చింది.

"ఒళ్ళో చాట లేదంట్రా. చాటే లేకపోతే ఇంక కాయలెక్కడియ్యి? వేళ్ళు మాత్రం ఒలస్తానే ఉన్నయ్యంట. ఈనె లాగటం, తొక్క అట్టా పక్కనెయ్యటం, గింజ ఇట్టా రాల్చటం. ఎవరో పెద్దామె వచ్చి మెడకాయ వాటేసుకొని 'నీ తల్లి నిన్నొదిలి పోయిందే' అని రాగం తీస్తే ఇదేమందంటా? 'కూచో పిన్నీ, మంచినీళ్ళు తాగుతావా' అందంట. ఆ పెద్దామె ఏడుపు గొంతులోనే ఆగిపోయిందంట."

మాల్యాద్రి వసారాలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"నేనూ అక్కడే ఉన్నా గదక్కా" అన్నాడు.

"ఉండి ఏం చేశావు?"

"చెయ్యి పట్టుకున్నా."

"చెయ్యి పట్టుకున్నాడంట. మన మేనత్త గదరా పోయింది! నువ్వు అల్లుడివి, నువ్వన్నా ఏడిశావు. అది సొంత కూతురు. మొగుడు దాని తలకాయలో ఏందో పెట్టించాడు, పిల్ల రాయైపోయింది అంటన్నారు జనం. నేనేం చెప్పాలి వాళ్ళకి?"

మాల్యాద్రి చెప్పు తొడుక్కోవడం ముగించి, రెండో చెప్పు కోసం అటూ ఇటూ చూశాడు. అది కాలికే ఉంది. జనం మాటలకి సాధారణంగా కాళ్ళూ చేతులూ ఎక్కువ మొలుస్తాయి. ఈ మాటకి మొలవలేదు. దాదాపు అంతా నిజమే.

లోపల వంటింట్లో అంజని అన్నం వారుస్తోంది. ఇవన్నీ ఆమెకు వినిపించేంత దూరంలోనే ఉంది. గంజి ధార తెగకుండా గిన్నెలో పడుతోంది.

*

మాల్యాద్రి ఉద్యోగం అడ్డుపడటం.

ఊరి చివర పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్లు ఉండేవి. పొగాకు వేసేవాళ్ళు తగ్గిపోయి అవి ఖాళీ పడ్డాక, వాటిలో పెద్దది ఒకటి అద్దెకు తీసుకుని డాక్టర్ పరిమళ ప్రయోగశాల పెట్టింది. ఆమె మెదడు డాక్టరు. గుంటూరులో నడుస్తున్న ఆసుపత్రి వదులుకుని వచ్చింది. ఇక్కడ జీతాలకు చేరినవాళ్ళందరూ చుట్టుపక్కల పొగాకు ఇళ్ళ పిల్లలే. ఇంజనీరింగు చదివి, ఒంగోల్లో ఒక ఏడాదీ బెంగుళూరులో ఒక ఏడాదీ తిరిగి, ఇంటిదగ్గర అన్నం తినొచ్చని వచ్చినవాళ్ళు. బ్యారన్ గోడలకు ఇంకా ఆకు వాసన పోలేదు. వేసవిలో కంప్యూటర్లు వేడెక్కితే ఆ వాసన లేస్తుంది.

అక్కడ మాల్యాద్రి పని, నడుస్తున్న ప్రోగ్రాంకు మధ్యలో అడ్డుపడి అది ఎలా కింద పడుతుందో చూడటం. ప్రోగ్రాం సి భాషలో రాసింది. అది ఒక పని చేస్తూ మధ్యలో ఇంకో పని ఎత్తుకుంటుంది, దాని మధ్యలో మరొకటి. ఎత్తుకున్న పని ముగిస్తేనే వెనకటి పనికి తిరిగి రాగలదు. బ్యారన్ నింపినట్టే. ఆకు కట్టిన కర్రలు పైవరస నుంచి కిందికి నింపుకుంటూ వస్తారు. దించేటప్పుడు ఆఖరున పెట్టిన కర్ర ముందు దిగాలి, దానిమీదది తర్వాత. అడుగుది ఉండగా పైది లాగితే ఆకంతా రాలి చిత్తవుతుంది. అలా ఎత్తిపెట్టుకున్న పనులు నిండుగా ఉన్నప్పుడు మాల్యాద్రి బయటి నుంచి ఒక సిగ్నల్ కొడతాడు: ఉన్నపళంగా ఆగు. ప్రోగ్రాం ఆ సిగ్నల్‌ను పట్టుకోవాలి. ఎత్తుకున్నవన్నీ వరసగా దించాలి. ఒక్కో పని ఎత్తుకున్నప్పుడు ఇంకేదీ అందులో వేలు పెట్టకుండా వేసిన తాళాలు తీయాలి. అప్పుడు నిలకడగా ఉండే చోటికి వచ్చి నిలబడాలి. నిలబడితే పరీక్ష నెగ్గినట్టు.

ఆ ప్రోగ్రాం ఎక్కేది చెవి వెనక చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత చిప్పులోకి. దానికి పరిమళ 'కుదురు' అని పేరు పెట్టింది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టలాంటిదన్నమాట. మూర్ఛ వచ్చే మనిషి మెదడులో తుపాను లేవబోతుంటే కుదురు దాన్ని ముందే పసిగట్టి పట్టుకుంటుంది. ఆ క్షణాన మెదడు ఎత్తుకున్నవన్నీ దించేసి, మనిషిని ఒక నిలకడ చోటికి తెచ్చి కూర్చోబెడుతుంది. తుపాను ఆడుకోవడానికి ఏమీ మిగలదు.

అంజనికి చిన్నప్పటి నుంచి ఫిట్సు. పెళ్ళయ్యాక ఒకసారి పొయ్యిమీదే పడింది. మోచేతి నుంచి భుజందాకా చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. బావి దగ్గరికి ఒక్కతీ పోకూడదు, సైకిలెక్కకూడదు, స్నానానికి తలుపు గడియ వేసుకోకూడదు. ఆ గడియ గురించే మొగుడూ పెళ్ళాలు నెలకోసారి పోట్లాడుకునేవాళ్ళు. "సచ్చిపోతే సస్తా బావా, తలుపేసుకొని సస్తా" అనేది. చిప్పు సంగతి విన్నప్పుడు మాల్యాద్రి చెప్పడం ముగించకముందే "నాకు పెట్టించు" అన్నది.

నిలకడ చోటు ఏదో చిప్పుకు ముందుగా నేర్పాలి. మనిషి నిశ్చింతగా ఉన్న ఒక సమయం దొరకబుచ్చుకుని, అప్పటి మెదడు తీరును అందులో ఎక్కించాలి. ఒక పొద్దున అంజని వసారాలో కాళ్ళు బారజాపుకుని, చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఒలుస్తోంది. ఎండ కాళ్ళదాకా వచ్చింది. ఆలోచనేమీ లేదు. మాల్యాద్రి పరికరం తెచ్చి పక్కన పెట్టి, కదలొద్దని చెప్పి, ఆ పొద్దును పట్టుకున్నాడు.

ఆ తర్వాత అంజనికి ఫిట్సు రాలేదు. గడియ వేసుకుని స్నానం చేసింది. సైకిలెక్కి సంతకు పోయొచ్చింది.

ఒక్కటే. కుదురు పనిచేసిన ప్రతిసారీ ఆమె వేళ్ళు కొద్దిసేపు కాయలు ఒలిచేవి. ఇద్దరూ మొదట్లో చూసి నవ్వుకునేవాళ్ళు.

*

పెద్దకర్మ అయిన మర్నాడు మాల్యాద్రి పనిలోకి వెళ్ళాడు. పరిమళ అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాలుగు రోజులు ఉండి రాకపోయారా మాల్యాద్రిగారూ?"

"ఇంటికాడ ఏముంది మేడం. ఎవురూ ఏడవటంలా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "దుఃఖం కూడా తుపానులాగే లేస్తుంది. చిప్పుకి తేడా తెలియలేదు, అంతే. ఎంత పెద్దదైతే పట్టుకోవాలో ఆ హద్దు కాస్త పెంచుదాం. ఏడుపు జారిపోనిస్తుంది, ఫిట్సుని పట్టుకుంటుంది."

"నేనూ అదే అనుకున్నా. పొద్దున దాన్నడిగా. 'అమ్మ గుర్తుకొస్తందా' అని. 'అమ్మ పోయిందని తెలుసు బావా. ఆ మాట కాడికి పోబోతే మళ్ళీ వసారాలోనే ఉంటా' అంది. సరే, హద్దు దాటి పట్టుకుంటంది అనుకుందాం. కానీ ఇయ్యాల దాని చేతులు కదల్లేదు మేడం. చిప్పు పని చెయ్యనేలేదు. అయినా ఏడుపు రాలా. పట్టుకునేవాడు లేకపోయినా రాలా."

పరిమళ ముఖంలో ఉన్న చిరునవ్వు లాంటిది పోయింది.

మాల్యాద్రి తెరను ఆమె వైపు తిప్పాడు. ప్రోగ్రాం ఒకటి నడుస్తోంది.

మొదట్లో కుదురు ఒక్కొక్క పనే వరసగా దించేది. అది పద్ధతి. కానీ తుపాను అంతసేపు ఆగలేదు, దించుతుండగానే మెదడంతా అంటుకునేది. అందుకని దించడం మానేసి దూకడం పెట్టారు. సిగ్నల్ అందగానే మధ్యలో ఉన్నవన్నీ ఉన్నచోటే వదిలేసి ఒక్క దూకుతో నిలకడ చోటికి. దూకితే మధ్యలో వేసిన తాళాలు ఎవరు తీస్తారు అని మాల్యాద్రి అప్పుడే అడిగాడు. అడిగి తనే పరీక్షించాడు. ఎన్ని పరీక్షలు చేసినా తాళం ఒక్కటి కూడా మిగల్లేదు. పరీక్ష నెగ్గిందని సంతకం పెట్టాడు.

"ఎందుకు మిగల్లేదో చెప్తా చూడండి" అన్నాడు.

సిగ్నల్ కొట్టాడు. ప్రోగ్రాం దూకి నిలబడింది. మామూలుగా అయితే ఇక్కడ పరీక్ష అయిపోతుంది. ఆ ప్రోగ్రాంను చంపేసి, తర్వాతి పరీక్షకు కొత్తది మొదలుపెడతారు. అది ఆ ప్రయోగశాల అలవాటు. ఎవరూ పెట్టిన నియమం కాదు. అందరూ బ్యారన్ల మధ్య పెరిగినవాళ్ళు. ఒక విడత ఆకు కాల్చి దించాక, బ్యారన్ అడుగుదాకా ఊడ్చి, రాలిన తుక్కంతా బయట పోసి, అప్పుడే రెండో విడత ఎక్కించాలి. తుక్కు మిగిలితే గొట్టాల వేడికి అంటుకుని కొంప తగలబడుతుంది. ఆ ఊడుపు చేతికి ఎంత అలవాటంటే, పరీక్షకూ పరీక్షకూ మధ్య ఊడవకుండా ఉండటం వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. ప్రోగ్రాం చచ్చినప్పుడు కంప్యూటరే వచ్చి అది వేసిన తాళాలన్నీ తీసేస్తుంది. తాళం మిగిలే వీలే లేదు.

ఈసారి మాల్యాద్రి చంపలేదు. బతకనిచ్చాడు. దాన్ని మళ్ళీ పనిలో పెట్టి, మళ్ళీ సిగ్నల్ కొట్టాడు. మళ్ళీ. ప్రతిసారీ నిక్షేపంగా దూకి నిలబడింది. పరిమళ ముందుకు వంగింది. అతను కొడుతూనే ఉన్నాడు. కొంతసేపటికి ప్రోగ్రాం ఒక పని మొదలుపెట్టబోయి ఆగింది. తర్వాత ఇంకోటి. చివరకు ఏ పనీ మొదలుపెట్టలేదు.

"చచ్చిపోయిందా?" అన్నదామె.

"చావలేదు. ఊపిరి ఆడతానే ఉంది చూడండి. తాళం ఎవరన్నా తీస్తారేమో అని చూస్తంది. తాళం ఏసినోడు దూకి పోయాడు. ఇంక వాడు రాడు. అంజని తలకాయలోనూ ఇదే జరగతంది."

పరిమళ అద్దాలు తీసి బల్లమీద పెట్టి, మళ్ళీ పెట్టుకుంది. చిప్పు పెట్టించుకున్న మిగతా వాళ్ళందరినీ వెంటనే రమ్మని ఫోన్లు చేయడానికి లేచింది.

మాల్యాద్రి మాత్రం ఆ తెర ముందే కూర్చున్నాడు. ఇంట్లో జరిగినవి ఒక్కొక్కటే వరసలో పెట్టుకుంటున్నాడు.

నాగమణి కూతురి పెళ్ళిలో, తాళి కట్టాల్సిన సమయానికి పెళ్ళికొడుకు అద్దాలు ఊడి హోమగుండంలో పడ్డాయి. అంజని విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆగింది. వేళ్ళు ఒలిచాయి. ఆ తర్వాత ఆమె నవ్వడం అతను చూడలేదు. పెదాలు కదిలేవి. పెద్దరికం వస్తోందనుకున్నాడు.

ఆ వేసవిలోనే, అడక్కుండా గేదెను అమ్మేశాడని మీదికి వచ్చింది. చేతిలో చెంబు కూడా ఉంది. గొంతు లేవబోయింది, ఆగింది. వేళ్ళు ఒలిచాయి. చెంబు కిందపెట్టి "సరేలే బావా" అన్నది. ఆ రోజు నుంచి ఏదడిగినా సరేలే బావా. ఆరిన బట్టలు తీయలేదేమంటే సరేలే. కూరలో ఉప్పు లేదంటే సరేలే. పోట్లాటకు పోబోయే దారికి తాళం పడింది.

ఇక అమ్మ దగ్గరికి పోయే దారికీ.

ఈ పొద్దున అన్నం పెట్టుకుని కంచం ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. వేళ్ళు కదల్లేదు. తినవే అంటే తిన్నది. ఆపకపోతే తింటూనే ఉంది. చాల్లే అంటే ఆపింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. మాల్యాద్రి అన్నం డబ్బా తెరవలేదు. ఆకలి తెలియలేదు. ఏమీ తెలియలేదు. చిప్పు లేని మనిషికి కూడా ఇలా అవుతుందా అని ఒకసారి అనిపించింది.

*

ఆ తర్వాత మూడో వారం పరిమళ బ్యారన్‌లోనే ఒక మంచం వేయించింది. ఆక్సిజన్ సిలిండరు తెప్పించింది. ఇంజెక్షన్లు వరసగా పేర్చింది. అంజనిని తీసుకురమ్మన్నది. వద్దన్నా వినకుండా నాగమణి కూడా ఆటో ఎక్కింది.

అంజని మంచంమీద కాళ్ళు వేలాడేసి కూర్చుంది. ఉతికి ఇస్త్రీ చేసిన చీర. కట్టుకోమంటే కట్టుకున్నది. పరిమళ ఆమెకు ఎదురుగా స్టూలు వేసుకుని, దాచకుండా చెప్పింది. చిప్పు ఇలాగే ఉంచితే తాళాలు ఒక్కొక్కటే పడుతూ పోతాయి. ఇవాళ కంచం, రేపు మంచినీళ్ళు, ఎల్లుండి ఇంకోటి. తాళాలు తీయడానికి తమ దగ్గర మందు లేదు. ఒక్కటే దారి. చిప్పును ఆపేసి ఫిట్సును రానివ్వాలి. పూర్తిగా రానివ్వాలి. ప్రోగ్రాంను చంపి కొత్తగా మొదలుపెట్టినట్టే, మెదడంతా ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలిగితే తాళాలన్నీ ఊడొచ్చు.

"ఊడొచ్చు అంటే?" అన్నది నాగమణి. "ఊడకపోనూ వచ్చనేనా?"

"అవునండీ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడాదికి పైగా ఆపిపెట్టింది ఒక్కసారిగా రావచ్చు. అంత పెద్దది వస్తే నా చేతిలో ఉన్నవాటితో దాన్ని దించగలనని మాట ఇవ్వలేను."

"అంటే సచ్చిపోయిద్దనా?"

పరిమళ తల కిందికి, పైకి ఒకసారి ఆడించింది.

నాగమణి కొంగు నడుముకు బిగించింది. "వద్దమ్మా, తల్లీ. నీకు దండం పెడతా. నవ్వకపోతే నవ్వకపోయె. ఏడవకపోతే పీడాబాయె. మనిషి కళ్ళముందు తిరుగుతా ఉంటే చాలు. తినిపిస్తే తింటది, నేనొచ్చి తినిపిస్తా. ఒరే మాల్యాద్రీ, నోట్లో ఏం పెట్టుకున్నావురా? చెప్పు!"

మాల్యాద్రి కంప్యూటరు దగ్గర నిలబడి ఉన్నాడు. చిప్పును ఆపాల్సింది అతనే. కేబుల్ కొస ఒకటి చేతిలో ఉంది.

"నేనేం చెప్పేదక్కా. దాని తలకాయ అది. అదే చెప్పాలి."

అందరూ అంజని వైపు చూశారు. ఆమె చెవి వెనక చెయ్యి పెట్టి, ఉబ్బెత్తుగా ఉన్న చోట ఒకసారి తడిమి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆపెయ్యండి" అన్నది.

"బాగా ఆలోచించుకో అంజనీ" అన్నది పరిమళ. "భయం లేదా?"

"భయం కాడికి కూడా పోలేకపోతన్నా మేడం. దానికీ తాళం పడినట్టుంది. భయమేస్తే వద్దనేదాన్నేమో. ఇప్పుడు వద్దనటానికి ఏం కనపడటంలా."

"మరి కావాలనటానికి?"

అంజని కొంచెంసేపు వెతుక్కుంది. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతికినట్టు కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. "అదీ కనపడటంలా" అన్నది. "కానీ ఒకటి తెలుసు. మా అమ్మ నేను పడిపోయినప్పుడల్లా నా నోట్లో నురగ తన కొంగుతో తుడిచేది. ఆమెకి ఏడవటానికి నేను తప్ప ఇంకో ఆడపిల్ల లేదు. చెయ్యాల్సిన పని అది. చెయ్యాలని లేకపోయినా, పని పనే గదా."

నాగమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం ఏడవగలదు, ఏడుస్తోంది.

పరిమళ అంజనిని పడుకోబెట్టింది. తలకింద దిండు తీసేసింది. పళ్ళ మధ్య నాలుక పడకుండా ఏం చేయాలో నాగమణి చెప్పబోతే, ఏమీ పెట్టకూడదని ఆపింది. మంచం అంచులకు దుప్పట్లు చుట్టింది.

మాల్యాద్రి దగ్గరికి వచ్చి, కేబుల్ కొస చెవి వెనక ఆనించి, పట్టీ వేశాడు. ఇక వెనక్కి వెళ్ళి ఒక మీట నొక్కడమే మిగిలింది. అతను వెళ్ళలేదు. మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. పైన, ఒకప్పుడు ఆకు కర్రలు వేలాడదీసిన వాసాల వైపు చూస్తోంది.

ఏడాది పొడుగునా ఇంట్లో పక్కనే తిరిగిన మనిషి. ఒక్కొక్క గదీ మూతపడుతుంటే లోపలి నుంచి ఒక్క కేక కూడా వెయ్యలేదు. అదొక్కటీ అడక్కుండా మీట నొక్కడం అతనివల్ల కాలేదు. తర్వాత అడగడానికి ఉండకపోవచ్చు కూడా.

"అంజనీ, ఇంత జరగతా ఉంటే, నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు గదే? నవ్వు రాటంలేదు బావా, కోపం రాటంలేదు బావా అని ఒక్కసారి అనొచ్చు గదా? అప్పుడే ఆపేసేవాణ్ణి గదా!"

అంజని వాసాల మీదనుంచి చూపు దించి అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. నిష్ఠూరం లేదు. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

"నేను పోట్లాడటం మానేసిన వారానికి నువ్వు వదినకి ఫోన్ చేసి, 'మిషను బెమ్మాండంగా పని చేస్తందక్కా, కొంప ఇప్పుడు సల్లగా ఉంది' అన్నావు బావా. నేను తలుపవతలే ఉన్నా."